ప్రొస్టేట్ మసాజ్: కొత్తగా మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి నేను. జనం పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగే సందేహాలు రోజూ వింటాను. లైంగిక సుఖం కోసం చేసుకునే ప్రొస్టేట్ మసాజ్ గురించి కొన్నాళ్లుగా అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అడిగేవాళ్లలో పెళ్లైనవాళ్లు, కానివాళ్లు, కుర్రాళ్లు, అరవై దాటినవాళ్లు అందరూ ఉన్నారు. అడగలేక, ఫోన్లో ఏదో చూసి, చేతికందిన వస్తువుతో ప్రయత్నించి ఆసుపత్రి దాకా వెళ్లినవాళ్ల సంగతులూ విన్నాను. ఇందులో హాని జరిగిన ప్రతిచోటా తొందరో, సిగ్గో కారణంగా కనిపిస్తుంది. అందుకే తెలిసినంతవరకు తేటగా రాస్తున్నాను. ఈ పేజీ 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే. ఏ ప్రశ్న నుంచి మొదలుపెట్టి చదివినా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

ప్రొస్టేట్ అంటే ఏంటండీ? సరిగ్గా ఎక్కడ ఉంటుంది?

మగవారికి మాత్రమే ఉండే చిన్న గ్రంథి. మూత్రాశయానికి కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. వయసులో ఉన్నవారిలో సుమారు 20 గ్రాముల బరువు, 3 నుంచి 4 సెంటీమీటర్ల వెడల్పు. వీర్యంలో దాదాపు పావు వంతు ద్రవం దీని నుంచే వస్తుంది. దీని వెనక భాగం మలాశయం గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి మలద్వారం గుండా 5 నుంచి 7 సెంటీమీటర్లు లోపలికి వెళ్తే, బొడ్డు వైపు ఉన్న గోడ మీద వేలికి తగులుతుంది. డాక్టర్లు ప్రొస్టేట్ పరీక్ష చేసేది కూడా ఇలాగే.

అక్కడ నొక్కితే సుఖం ఎందుకొస్తుందండీ?

ప్రొస్టేట్ చుట్టూ నరాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. అంగానికి వెళ్లే నరాలు కూడా ఆ పక్కనుంచే పోతాయి. స్ఖలనం సమయంలో ఈ గ్రంథి తనంతట తానే బిగుసుకుని వదులుతుంది. అందుకే దాన్ని బయటి నుంచి మెల్లగా ఒత్తినప్పుడు కొందరికి పొత్తికడుపు లోపల నుంచి పాకే లోతైన సుఖం కలుగుతుంది. కొందరికి ఏమీ అనిపించదు, ఇంకొందరికి ఇబ్బందిగానే ఉంటుంది. శరీరాలు ఒకేలా ఉండవు కాబట్టి మూడూ మామూలే.

ఇది నచ్చితే నేను గే అన్నట్టా?

కాదు. మనకు ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందనేది ఒక సంగతి, శరీరంలో ఏ చోట తాకితే హాయిగా ఉంటుందనేది వేరే సంగతి. ప్రొస్టేట్ ప్రతి మగవాడికీ ఉంది, దాని నరాలకు ఎదుటివారు ఆడా మగా అన్న లెక్క లేదు. భార్యతో సంతోషంగా కాపురం చేసుకునేవారిలో కూడా దీన్ని ఇష్టపడేవారు ఉన్నారు.

అడిగినవారు నిజంగా గే అయితే, అందులోనూ దాచుకుని కుమిలిపోవాల్సింది ఏమీ లేదు. 18 నిండినవారు ఇష్టపూర్వకంగా, ఏకాంతంలో చేసుకునేది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న 377 సెక్షన్ మీద ఇచ్చిన తీర్పులో చెప్పింది.

ప్రొస్టేట్ మసాజ్ చేస్తే కేన్సర్ రాదంటున్నారు, నిజమేనా?

అలా నిరూపణ కాలేదు. వాపు తగ్గుతుందని, గ్రంథి శుభ్రపడుతుందని వీడియోల్లో చెప్పేవాళ్లు ఉన్నారు. దీర్ఘకాలం వేధించే ప్రొస్టేట్ వాపుకి ఒకప్పుడు డాక్టర్లు మసాజ్ చేసేవారు. యాంటీబయాటిక్స్ వచ్చాక ఆ పద్ధతి చాలావరకు పోయింది. ఇప్పుడు పరీక్ష కోసం ద్రవం తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం కొందరు చేస్తారు. సుఖం కోసం చేసుకోవాలనుకుంటే సుఖం కోసమే చేసుకోండి. మందు అనుకుని చేసుకుంటూ, మూత్రం సరిగా రాకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఉండకండి.

అంగం గట్టిపడటం లేదండీ. దీంతో బాగవుతుందా?

బాగవుతుందని ఆశ పెట్టుకోవద్దు. అంగస్తంభన తగ్గడానికి షుగర్, బీపీ, పొగతాగడం, మద్యం, కొన్ని మందులు, మనసులో టెన్షన్ లాంటి కారణాలు ఉంటాయి. కొందరిలో గుండె జబ్బుకి అది ముందస్తు హెచ్చరిక కూడా. ముందు ఫిజీషియన్‌కి గానీ యూరాలజిస్టుకి (మూత్రకోశ వ్యాధుల డాక్టరుకి) గానీ చూపించండి. బస్టాండు గోడల మీద పోస్టర్లు వేసి లాడ్జీల్లో కూర్చునే సెక్స్ స్పెషలిస్టుల దగ్గరికి మాత్రం వెళ్లకండి. వాళ్లిచ్చిన పేరు లేని పొట్లాలు పట్టుకుని వచ్చి, ఇందులో ఏముందో చెప్పమని నన్ను అడిగేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అయితే ఒక మంచి మాట: ప్రొస్టేట్ వల్ల కలిగే సుఖానికి అంగం గట్టిపడి తీరాలని లేదు. స్తంభన తగ్గినవారిలోనూ కొందరు దీనివల్ల సుఖం పొందుతారు.

ఎవరు అస్సలు చేసుకోకూడదు?

ఇది జాగ్రత్తగా చదవండి. జ్వరం, చలి, మూత్రంలో మంట, బీజాల కింద నొప్పి కలిసి ఉంటే అది ప్రొస్టేట్‌లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ సమయంలో ఒత్తితే సూక్ష్మక్రిములు రక్తంలోకి వెళ్లి ప్రాణం మీదకి రావచ్చు. ప్రొస్టేట్ కేన్సర్ ఉన్నవారు, ఉందేమోనని పరీక్షలు చేయించుకుంటున్నవారు డాక్టరు చెప్పకుండా చేయకూడదు. పైల్స్ వాచి ఉన్నప్పుడు, ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక), భగందరం, మలద్వారం దగ్గర గడ్డ ఉన్నప్పుడు వద్దు. ఆ ప్రాంతంలో ఆపరేషన్ జరిగి పూర్తిగా మానకపోతే వద్దు. ఈమధ్య ప్రొస్టేట్ బయాప్సీ (పరీక్ష కోసం చిన్న ముక్క తీయడం) చేయించుకున్నా వద్దు.

రక్తం పలచబడే మందులు వాడేవారు, అంటే వార్ఫారిన్, క్లోపిడోగ్రెల్, ఎకోస్ప్రిన్ లాంటివి, డాక్టరుని అడిగాకే ఆలోచించాలి. వీరికి చిన్న గీత పడినా రక్తం త్వరగా ఆగదు. దీనికోసం ఆ మందు ఒక పూట మానేద్దామని మాత్రం అనుకోవద్దు, గుండెకి ప్రమాదం.

నాకు షుగర్ ఉందండీ, పర్లేదా?

షుగర్ అదుపులో ఉండి, మలద్వారం దగ్గర పుండ్లు, ఇన్ఫెక్షన్ లేకపోతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయితే చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారికి నరాల స్పర్శ తగ్గుతుంది. నొప్పి తెలియకుండానే గాయం కావచ్చు, ఆ గాయం మానడానికి రోజులు పడుతుంది. అందుకే వేలు జారడానికి రాసే జెల్లీ మరింత ఎక్కువ, ఒత్తిడి మరింత తక్కువ. అదుపులో లేనప్పుడు వాయిదా వేసుకోండి.

## సిద్ధం కావడం

లోపల మలం ఉంటుంది కదా, ఎనిమా తీసుకోవాలా?

అక్కర్లేదు. మలవిసర్జన అయ్యాక మలాశయం చాలావరకు ఖాళీగానే ఉంటుంది. విరేచనం సాఫీగా అయి గంటో రెండు గంటలో గడిచాక, బయట గోరువెచ్చని నీళ్లతో కడుక్కుంటే చాలామందికి సరిపోతుంది. సబ్బు బయటి చర్మానికే. డెటాల్, నిమ్మరసం, వాషింగ్ పౌడర్ నీళ్లు, ఇలాంటివి లోపలికి పోనివ్వకండి. ఆ పొర చాలా సున్నితం, మండిపోతుంది.

మనసు ఒప్పక లోపల కూడా కడుక్కోవాలనుకుంటే చిన్న రబ్బరు బల్బుతో, కాచి చల్లార్చిన నీళ్లు కొద్దిగా వాడితే చాలు. కాలవ నీళ్లు, చెరువు నీళ్లు వద్దు. రోజూ చేస్తే లోపలి పొర పొడిబారి దెబ్బతింటుంది.

ముందురోజు తిండి గురించి కూడా ఒక మాట. కోడిపలావు, రొయ్యల ఇగురు కారం దట్టించి తిన్న మర్నాడు విరేచనంలోనే మంట ఉంటుంది. ఆ రోజు వద్దు. ఆకుకూరలు, మజ్జిగ, పండ్లు తిని నీళ్లు బాగా తాగిన రోజున అన్నీ సులువుగా ఉంటాయి. విరేచనాలు పట్టుకున్నా, మలబద్ధకం ఉన్నా కూడా ఆగాలి.

కొబ్బరినూనె వాడొచ్చాండీ? ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది.

మా వైపు అందరూ మొదట అడిగేది ఇదే. శుభ్రమైన కొబ్బరినూనె వట్టి వేలితో చేసేటప్పుడు చాలామందికి హాని చేయదు. కానీ లేటెక్స్ గ్లౌజు, కండోమ్ వాడితే ఏ నూనె అయినా ప్రమాదమే. నూనె, వాజిలిన్ తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. తలకి రాసుకునే సీసాల్లో సువాసన కోసం కలిపినవి ఉంటాయి, అవి మండిస్తాయి.

నన్నడిగితే నీటితో తయారైన లూబ్రికెంట్ జెల్లీ మేలు. మందుల షాపుల్లో ట్యూబుల్లో దొరుకుతుంది, చీటీ అవసరం లేదు. నీళ్లతో కడిగితే పోతుంది, దుప్పట్లకి మరక పట్టదు. త్వరగా ఆరిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ రాయాలి. మలద్వారంలో సహజమైన తడి ఊరదు. జెల్లీ ఎక్కువైందని ఎవరూ బాధపడలేదు.

నొప్పి తెలియకుండా మొద్దుబారే జెల్లీ ఇస్తారా?

అడిగినా ఇవ్వను. లిగ్నోకైన్ జెల్లీ ఫిషర్ నొప్పికి, గొట్టాలు వేసేటప్పుడు వాడే మందు. ఇక్కడ నొప్పి అంటే ఆగమని శరీరం చెబుతున్న మాట. మందు రాసి ఆ మాట వినబడకుండా చేసుకుంటే లోపల చిరిగినా తెలియదు. సుఖం కూడా మొద్దుబారిపోతుంది, చేసుకునే ప్రయోజనమే పోతుంది.

గ్లౌజు తప్పనిసరా? గోళ్లు కత్తిరించుకుంటే చాలదా?

గోళ్లు కత్తిరించి, అంచులు అరగదీయడం అందరికీ తప్పనిసరి. దాని మీద గ్లౌజు వేస్తే గోటి గీత పడదు, మలంలోని క్రిములు గోళ్ల సందుల్లో చేరవు, మనసుకి ఎబ్బెట్టుగానూ ఉండదు. నైట్రైల్ గ్లౌజులు మంచివి. లేటెక్స్ అలర్జీ ఉన్నవారికి కూడా సరిపోతాయి. గ్లౌజు లేకపోతే వేలికి కండోమ్ తొడుక్కోవచ్చు. ఒకసారి వాడింది పారేయాలి, కడిగి దాచుకోకూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా రెండు మాటలు చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ కలిపిన చేతులు, పచ్చిమిరపకాయలు తరిగిన చేతులు సబ్బుతో కడిగినా కారం వదలదు. మర్నాటి దాకా ఆ చేతితో వద్దు, గ్లౌజు ఉంటే నయం. రొయ్యల చెరువుల మీద సున్నం, బ్లీచింగ్ చల్లేవారికి, రొయ్యలు ఒలిచేవారికి వేళ్ల నిండా సన్నని గాట్లు ఉంటాయి. వారు గ్లౌజు లేకుండా చేయకూడదు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండు వైపులా ఇన్ఫెక్షన్ పాకుతుంది.

ఇంట్లో అందరూ ఉంటారు. ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది?

మండువా ఇళ్లలో, ఒకే గది ఇళ్లలో ఇది పెద్ద సమస్యే, నాకు తెలుసు. తలుపు ఎవరు తడతారోనన్న భయంతో ఉంటే మలద్వారం కండరాలు బిగుసుకుపోతాయి, అప్పుడు ఎంత జెల్లీ రాసినా నొప్పే. ఇంట్లోవాళ్లు పెళ్లికో, తీర్థానికో వెళ్లిన పూట వరకు ఆగండి. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేశాక చేసుకునేవారూ ఉన్నారు. అరగంట నిశ్చింతగా దొరకనప్పుడు మొదలుపెట్టకపోవడమే మంచిది.

## మొదటిసారి

లోపల వేలు పెట్టడానికి భయంగా ఉంది. పైనుంచి చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. చాలామంది అక్కడే మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయి సంతోషంగా ఉంటారు. బీజాలకీ మలద్వారానికీ మధ్య ఉన్న మెత్తని చోట రెండు వేళ్లు ఆనించి, గుండ్రంగా, నిదానంగా ఒత్తండి. ఉద్రేకం పెరిగాక ఈ చోటు మరింత స్పందిస్తుంది. బరువంతా వేసి నొక్కకూడదు, సైకిలు సీటు మీద ఎక్కువసేపు కూర్చుంటే వచ్చే తిమ్మిరి లాంటిది వస్తే వదిలేయాలి.

ఎలా పడుకుంటే సులువు?

ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్లు పొట్ట వైపు మడుచుకుని పడుకోవడం అన్నిటికన్నా తేలిక. డాక్టర్లు పరీక్ష చేసేటప్పుడు కూడా చాలాసార్లు ఇలాగే పడుకోమంటారు. తోడు ఎవరైనా చేస్తుంటే వెల్లకిలా పడుకుని, పిరుదుల కింద దిండు పెట్టి, మోకాళ్లు ఎత్తుకోవచ్చు, ముఖాలు కనబడతాయి కాబట్టి ఒకరి స్థితి ఒకరికి తెలుస్తుంది. ఒంటరిగా చేసుకునేవారికి గొంతుక్కూర్చోవడం బాగా కుదురుతుంది. కానీ పెద్ద పొట్ట ఉన్నవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి చెయ్యి అందదు, పక్కకి పడుకోవడమే నయం.

వేలు లోపలికి ఎలా పెట్టాలి? వివరంగా చెప్పండి.

ముందు మూత్రం పోసుకుని రండి. చేతికి గ్లౌజు వేసుకుని, వేలికీ మలద్వారానికీ ధారాళంగా జెల్లీ రాయండి. వెంటనే లోపలికి పోవద్దు. కొన్ని నిమిషాలు బయటే, అంచు చుట్టూ వేలిమెత్తతో నిమరండి. ఈలోగా ఒంట్లో ఉద్రేకం రానివ్వండి. ఉద్రేకం వచ్చాక కండరాలు సడలుతాయి, ప్రొస్టేట్ కూడా కాస్త ఉబ్బి తేలిగ్గా దొరుకుతుంది.

మలద్వారానికి రెండు కండరాల వలయాలు ఉంటాయి. బయటిది మన మాట వింటుంది, బిగించమంటే బిగుస్తుంది. లోపలిది మన మాట వినదు, తనంతట తాను సడలాల్సిందే. దాన్ని తోసుకుని వెళ్లడం వల్లే మొదటిసారి నొప్పి వస్తుంది. అందుకని వేలిమెత్త ఆనించి ఉంచి, లోతుగా ఊపిరి తీసుకోండి. ఊపిరి వదిలేటప్పుడు విరేచనానికి ముక్కినట్టు కొద్దిగా బయటికి తొయ్యండి, అప్పుడు వేలు దానంతట అదే కొంచెం లోపలికి జారుతుంది. అక్కడ ఆగండి. కండరం పట్టుకుని, తర్వాత వదులుతుంది. వదిలాకే ముందుకి. మొదటి కణుపు దగ్గరే పది ఊపిరులు ఆగాల్సి వచ్చినా తప్పులేదు.

రెండో కణుపు దాటాక వేలి కొసను బొడ్డు వైపు కొద్దిగా వంచండి. మెత్తని గోడ వెనక, ముక్కు కొసను నొక్కితే ఎలా ఉంటుందో అలాంటి గట్టిదనంతో ఒక ఉబ్బు తగులుతుంది. అదే ప్రొస్టేట్. మధ్యలో సన్నని గాడి, రెండు పక్కలా రెండు భాగాలు. వేలిమెత్తతో పక్కనుంచి మధ్యకి, నిదానంగా రాయండి. కొసతో పొడవకూడదు. కనురెప్ప మీద ఎంత ఒత్తిడి వేయగలరో అంతతో మొదలుపెట్టి, హాయిగా ఉంటేనే పెంచండి. ఒకే చోట వేలు ఆనించి కదపకుండా ఉంచడం కూడా కొందరికి ఎక్కువ నచ్చుతుంది.

మొదటిసారికి ఐదు పది నిమిషాలు చాలు. తీసేటప్పుడు కూడా తొందర వద్దు, ఊపిరి వదులుతూ మెల్లగా తీయండి. సూదితో గుచ్చినట్టు నొప్పి ఎప్పుడొచ్చినా ఆ రోజుకి ఆపేయాలి.

మధ్యలో ఉచ్చ వచ్చేలా ఉంది, ఆపేయాలా?

ప్రొస్టేట్ మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది, దాని పైనే మూత్రాశయం. ఒత్తగానే అలా అనిపించడం సహజం. ముందే మూత్రం పోసుకుని ఉంటే నిజంగా రాదు. ఒత్తిడి కాస్త తగ్గించి ఊపిరి మీద ధ్యాస పెడితే కొన్ని నిమిషాల్లో ఆ భావన సుఖంగా మారుతుందని చాలామంది చెబుతారు. మారకపోతే ఆపేయండి. ధైర్యం చాలనివారు కింద పాత తువ్వాలు పరుచుకుంటే మనసు కుదుటపడుతుంది.

చేస్తుంటే అంగం మెత్తబడింది. ఏదైనా తేడానా?

తేడా ఏమీ లేదు. ధ్యాస లోపలికి మళ్లినప్పుడు చాలామందికి అలా అవుతుంది. మసాజ్ ఆపితే మళ్లీ మామూలవుతుంది.

అంగం నుంచి తెల్లగా ఏదో కారింది. వీర్యం నష్టపోయినట్టా?

అది ప్రొస్టేట్ ద్రవం. పలచగా, కొంచెం పాలలా ఉంటుంది, స్ఖలనం లేకుండా కూడా కారవచ్చు. శరీరం మళ్లీ తయారు చేసుకుంటుంది. ఒక చుక్క వీర్యం పోతే ఎన్నో చుక్కల రక్తం పోయినట్టని చిన్నప్పటి నుంచి విన్న మాటకి శాస్త్రంలో ఆధారం లేదు. దానివల్ల నీరసం, మతిమరుపు రావు. పసుపుపచ్చగా, దుర్వాసనతో, మంటతో కారితే మాత్రం అది ఇన్ఫెక్షన్, డాక్టరుకి చూపించాలి.

రెండు మూడు సార్లు చేశాను, ఏమీ అనిపించలేదు. నాకే ఇలాగా?

చాలామందికి ఇలాగే ఉంటుంది. కొత్త చోట స్పర్శని సుఖంగా గుర్తుపట్టడానికి శరీరానికి కొంత అలవాటు కావాలి. ఉద్రేకం రాకముందే మొదలుపెట్టడం, వేలు మరీ లోతుగానో తక్కువగానో ఉండటం, ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం మామూలుగా జరిగేవి. అంగాన్ని నిమురుకుంటూ దీన్ని కలిపి చేసి చూడండి. రోజులిచ్చి చూశాక కూడా నచ్చకపోతే వదిలేయండి, ఇది లేకుండా సుఖపడేవాళ్లే లోకంలో ఎక్కువ.

అంగం తాకకుండా దీంతోనే భావప్రాప్తి వస్తుందా?

కొందరికి వస్తుంది, ఎక్కువమందికి రాదు. వచ్చినవారు అది పొత్తికడుపు, తొడల దాకా అలలుగా పాకుతుందని, మామూలు స్ఖలనం కన్నా ఎక్కువసేపు ఉంటుందని చెబుతారు. దాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే టెన్షన్ పెరిగి, ఉన్న హాయి కూడా పోతుంది.

## జంటగా చేసేటప్పుడు

మా ఆవిడకి ఎలా చెప్పాలండీ? తప్పుగా అనుకుంటుందేమో.

పడకమీద, ఉద్రేకంలో ఉన్నప్పుడు అడగకండి. అప్పుడు ఆవిడ కాదనలేక ఒప్పుకుంటారు, లేదా ఉలిక్కిపడతారు. పిల్లలు పడుకున్నాక, తీరుబడిగా, "ఇలాంటిది ఒకటి ఉందట, నాకు చూడాలని ఉంది, నీకేమనిపిస్తుంది?" అని అడగండి. అడిగి ఊరుకోండి. జవాబుకి రోజులు పట్టినా తొందరపెట్టకండి. గ్లౌజు ఉంటుంది, శుభ్రంగా ఉంటాను, నువ్వు ఆపమంటే ఆగుతుంది అని చెబితే సగం భయం పోతుంది. ఆవిడ సుఖం గురించి మీరెప్పుడైనా ఇంత ఓపిగ్గా అడిగారా అన్నది కూడా ఆలోచించుకోండి. ఆ సంభాషణ ముందు జరిగిన ఇళ్లలో ఇది తేలిగ్గా జరుగుతుంది.

మా ఆయన అడుగుతున్నారు, నాకు ఇష్టం లేదు. ఏం చేయాలి?

ఇష్టం లేదని చెప్పండి. అంతే చాలు, కారణం చెప్పాల్సిన అవసరం లేదు. భార్య కాబట్టి చేయాలన్న నియమం ఏదీ లేదు. అసహ్యం వేస్తే అది మీ తప్పు కాదు, ఆయన కోరిక కూడా ఆయన తప్పు కాదు. ఆయన ఒంటరిగా చేసుకోవచ్చు. కొందరు ఆడవాళ్లు వేలు పెట్టడం తప్ప మిగతా అన్నిటిలో పక్కన ఉంటామంటారు, అదీ బాగానే ఉంటుంది. ఒకసారి ఒప్పుకున్నాక మధ్యలో వద్దనిపించినా వెంటనే ఆపేయవచ్చు.

అదే చేత్తో ఆవిడని తాకితే ఏమవుతుంది?

మలద్వారంలోని క్రిములు యోనిలోకి, మూత్రనాళంలోకి చేరితే ఆవిడకి ఇన్ఫెక్షన్, మూత్రంలో మంట వస్తాయి. గ్లౌజు తీసి పారేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఆవిడని తాకాలి. నోటికి తగిలితే విరేచనాలు, హెపటైటిస్ ఎ లాంటివి కూడా రావచ్చు. ఇద్దరు ముగ్గురితో సంబంధాలు ఉన్నవారు పరికరాలు పంచుకోకూడదు, హెచ్ఐవీ, సుఖవ్యాధుల పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్షా) కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటపెట్టరు. ఫోన్లో అడగాలంటే 1097 టోల్‌ఫ్రీ నంబరు ఉంది.

పట్నంలో స్పాలో చేస్తారట, వెళ్లొచ్చా?

నేను వెళ్లమని చెప్పను. గ్లౌజులు మారుస్తారో లేదో తెలియదు, చేసేవారికి శరీరం గురించి ఏం తెలుసో తెలియదు. గదిలో కెమెరా పెట్టి తర్వాత డబ్బు గుంజే మోసాలు కూడా జరుగుతున్నాయి. అలాంటి బెదిరింపు వస్తే డబ్బు పంపకండి, ఎంత పంపినా ఆగదు. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

## పరికరాలు

వేలు అందడం లేదు. ఇంట్లో ఉన్న వస్తువు ఏదైనా వాడొచ్చా?

వాడొద్దు. కేరట్, వంకాయ, కొవ్వొత్తి, టార్చిలైటు, సీసా, బ్రష్షు పిడి, ఏదీ వద్దు. మలద్వారం వస్తువును పట్టుకుని లోపలికి లాగేసుకుంటుంది, ఆ పైన పేగుకి అంతు లేదు. గాజు పగులుతుంది, కూరగాయ విరుగుతుంది.

దీనికోసమే తయారైన ప్రొస్టేట్ మసాజర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. కొనేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది బయట ఉండే అడుగుభాగం. అది మలద్వారం కన్నా బాగా వెడల్పుగా ఉండాలి. వైద్యంలో వాడే రకం సిలికాన్‌తో చేసింది, వేలికన్నా కొంచెమే లావున్నది, కొస బొడ్డు వైపు వంగినది మొదటిసారికి సరిపోతుంది. సిలికాన్ పరికరానికి సిలికాన్ జెల్లీ వాడితే పాడవుతుంది, నీటి జెల్లీయే రాయాలి. వాడాక సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గుడ్డలో చుట్టి దాచుకోండి. మన ఉక్కపోతకి తడి ఉంటే బూజు పడుతుంది.

వస్తువు లోపల ఇరుక్కుపోయింది. ఏం చేయాలి?

కంగారుపడి చెంచాతోనో పట్టకారుతోనో తీయాలని చూడకండి. విరేచనాల మందు, ఎనిమా తీసుకోకండి. తిండి, నీళ్లు ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో, రాజమండ్రి, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యాజువాలిటీ రాత్రింబవళ్లు ఉంటుంది. కడుపునొప్పి గానీ రక్తం గానీ ఉంటే 108కి ఫోన్ చేయండి. ఏ వస్తువు, ఎప్పుడు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టర్లు ఇలాంటివి చూస్తూనే ఉంటారు. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో ఉండిపోతే పేగు చిల్లుపడి, మత్తుమందుతో తీసేయగలిగింది పెద్ద ఆపరేషన్ అవుతుంది.

## తర్వాత

కొంచెం రక్తం కనిపించింది, భయపడాలా?

తుడుచుకున్నప్పుడు ఎర్రగా ఒక గీత కనబడితే లోపలి పొర కాస్త గీసుకుందన్నమాట. పూర్తిగా మానేదాకా, కనీసం వారం పది రోజులు ఏమీ చేయకండి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చుంటే ఉపశమనం ఉంటుంది. మర్నాటికి కూడా రక్తం ఆగకపోతే, ధారగా వస్తే, నల్లగా ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. వీర్యంలో, మూత్రంలో రక్తం కనిపించినా చూపించాలి.

మర్నాడు చలిజ్వరం వచ్చింది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఉండవచ్చు. జ్వరంతో పాటు మూత్రంలో మంట, మూత్రం ఆగి ఆగి రావడం, నడుం కింద నొప్పి ఉంటే ప్రొస్టేట్ ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. డెల్టాలో జ్వరం అనగానే మలేరియానో డెంగీనో టైఫాయిడో అనుకుని బిళ్ల వేసుకుంటారు. ఇది బిళ్లతో ఆగే జ్వరం కాకపోవచ్చు. అదే రోజు డాక్టరుకి చూపించి, మసాజ్ సంగతి చెప్పండి. మూత్రం పూర్తిగా ఆగిపోతే అత్యవసరం.

తరచూ చేస్తే మలద్వారం వదులైపోతుందా?

వేలితో, జెల్లీతో, నొప్పి లేకుండా చేస్తే వదులవదు. రోజూ మలవిసర్జనకి సాగి మళ్లీ బిగుసుకునే కండరమే అది. బలవంతంగా, పెద్ద వస్తువులతో చేస్తే కండరం చిరిగి పట్టు తప్పే ప్రమాదం ఉంది. ఎన్నాళ్లకోసారి అన్న లెక్కేమీ లేదు. కొత్తలో మధ్యలో కొన్ని రోజులు వదిలి, ఎక్కడా నొప్పి, మంట లేవని చూసుకుని మళ్లీ చేయండి.

పీఎస్ఏ పరీక్ష ఉందండీ, ముందురోజు చేసుకోవచ్చా?

వద్దు. పీఎస్ఏ అంటే ప్రొస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్, కేన్సర్ అనుమానం ఉందేమో చూడటానికి రక్తంలో దాన్ని కొలుస్తారు. ప్రొస్టేట్‌ని ఒత్తితే అది రక్తంలోకి ఎక్కువగా చేరి, లేని కేన్సర్ అనుమానం పుట్టవచ్చు. పరీక్షకి వారం ముందు నుంచి మసాజ్ ఆపండి. స్ఖలనం కూడా కనీసం 48 గంటలు లేకుండా చూసుకోమంటారు. మరిచిపోయి చేసుకుని ఉంటే రక్తం ఇచ్చే ముందే చెప్పండి, పరీక్ష వాయిదా వేస్తారు.

డాక్టరుకి ఇవన్నీ ఎలా చెప్పేది? ఊళ్లో తెలిస్తే?

యూరాలజిస్టుకి గానీ జనరల్ సర్జన్‌కి గానీ ఇది రోజువారీ విషయమే. "మలద్వారం ద్వారా ప్రొస్టేట్ మసాజ్ చేసుకున్నాను, ఆ తర్వాత ఈ ఇబ్బంది మొదలైంది" అన్న ఒక్క వాక్యం చాలు. నోట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. గదిలో బంధువులుంటే కాసేపు బయట ఉండమని డాక్టరునే అడగమనండి. రోగి సంగతులు బయట చెప్పకూడదన్నది డాక్టర్ల వృత్తి నియమం. ఊళ్లో ఆర్ఎంపీ అందరికీ తెలిసినవాడని మొహమాటంగా ఉంటే అమలాపురం వాళ్లు కాకినాడ, నరసాపురం వాళ్లు ఏలూరు వెళ్లండి. బస్సు ఛార్జీకి వెనకాడి ఆలస్యం చేయొద్దు.